బయ్యా అత్త మిద్దె మీది ఎండ

బహ్మద్ పెదనాన్న అల్జీర్స్‌లో కిరాణా కొట్టు నడిపినన్నాళ్ళూ కొట్టు అటక మీదే పడుకున్నాడు. లేచి నిలబడితే తల దూలానికి తగిలేది. పడుకుని చెయ్యి చాపితే దీపం, నీళ్ళ కూజా, రేడియో అన్నీ అందేవి. వేసవికి మాత్రం మా ఊరు ఘర్దాయా వచ్చి, సెత్తీ పెద్దమ్మతో నాలుగు రోజులు గడిపి వెళ్ళేవాడు. మా మగవాళ్ళలో చాలామంది బతుకు అంతే. దాన్ని త్యాగమని పొగిడేవాళ్ళెవరూ అలాంటి అటక మీద ఒక్క రాత్రి పడుకున్నవాళ్ళు కారు.

తీరా కొట్టు కొడుక్కి అప్పగించి వచ్చేశాక ఆయనకు ఆ అటకే కావలసివచ్చింది. కింద గదిలో నిద్ర పట్టేది కాదు. గోడలు మరీ దూరంగా ఉన్నాయనేవాడు. ఆ వేసవిలోనే మిద్దె మీద ఒక పరుపు పట్టేంత గది కట్టించుకున్నాడు.

పొరుగింటి ఎండకు అడ్డంగా గోడ లేపకూడదన్నది మా ఊరి కట్టుబాటు. పెద్దలు వచ్చి, ఎత్తు కొలిచి, సరేనన్నారు. బయటి ఊళ్ళనుంచి వచ్చే ఇంజనీర్లు మా చిన్న ఇళ్ళను ఫొటోలు తీసుకుని, వాటి వినయం గురించి ఉపన్యాసాలిస్తారు. ఇళ్ళకు వినయమేమిటి? పక్కన మనుషులుంటారు, అంతే.

పెదనాన్న కంటినిండా నిద్రపోయాడు. చలికాలం వచ్చింది. ఒకరోజు భోజనం దగ్గర పెద్దమ్మ, పక్కింటి బయ్యా అత్త మిద్దెక్కడం మానేసిందని చెప్పింది. ముసలామె వేళ్ళు బిగుసుకుపోతాయి. ఏటా ఎండలో కూర్చుని ఉన్ని దువ్వుకునేది. ఇప్పుడు కింద కుంపటి దగ్గర కూర్చుంటే వేళ్ళు వంగడం లేదట.

"కట్టేటప్పుడే చెప్పొద్దూ?" అన్నాడు పెదనాన్న.

"ఎవరడిగారు? కొలిచింది మీరు, కట్టింది మీరు. పగలంతా మిద్దె మీద ఉండేది మేము."

నిజమే. పగటిపూట మిద్దెలు ఆడవాళ్ళవి, మగవాడు ఎక్కడు. ఆయన చీకటిపడ్డాక ఎక్కి, తెల్లారకముందే దిగేవాడు. చలికాలపు నీడ ఎంత పొడుగో ఆయనా చూడలేదు, వేసవిలో కొలిచిన పెద్దలూ చూడలేదు.

మర్నాడు మధ్యాహ్నం పెద్దమ్మ పైకెళ్ళి, మగమనిషి వస్తున్నాడని చుట్టుపక్కల మిద్దెలకు కేకేసింది. అందరూ లోపలికి తప్పుకున్నాక పెదనాన్న ఎక్కాడు. ఆయన గది నీడ బయ్యా అత్త మిద్దెను ఆ చివరిదాకా కప్పేసింది.

మెట్ల తలుపు వెనకనుంచి ముసలామె గొంతు వినిపించింది. "ఏం చూస్తున్నావురా బహ్మద్? నీడను పక్కకు జరుపుతావా?"

"పెద్దలతో ఒక మాట అనకపోయావా అత్తా?"

"ఇన్నేళ్ళు అటక మీద ముడుచుకుని పడుకున్నవాడివి. ఇప్పటికి నిద్రపడుతోందని నీ పెళ్ళాం చెప్పింది. ఇక నేనేం అంటాను?"

పెద్దలు ఒప్పుకున్న గదిని కూల్చడమేమిటని తాపీమేస్త్రీ రానన్నాడు. పెదనాన్న తానే సుత్తి పట్టుకున్నాడు. ఆ పని సాగినన్నాళ్ళూ పొరుగు ఆడవాళ్ళు ఉదయంపూట మిద్దెలు వదిలేశారు. బయ్యా అత్త కృతజ్ఞతలేమీ చెప్పలేదు. దుమ్ము తన ఉన్ని మీద పడకుండా చూసుకోమని మాత్రం కబురంపింది.

మెట్ల కింద ఖర్జూరాల జాడీలుండే చోట ఇప్పుడు ఆయన పరుపు ఉంది. జాడీలు ఎక్కడ పెట్టుకోవాలని పెద్దమ్మ ఇంకా సణుగుతూనే ఉంది. అక్కడ కాళ్ళు పూర్తిగా చాపుకోవడానికి లేదు. మధ్యాహ్నం పైనుంచి ఉన్ని దువ్వే చప్పుడు వస్తుంటే అటు తిరిగి పడుకుంటాడు. నిద్ర పడుతోందా అని అడిగాను.

"అలవాటేగా," అన్నాడు.