బియ్యంలో పురుగు

నేను లెక్కల టీచర్ని. దెయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే స్టాఫ్ రూమ్‌లోంచి లేచి వెళ్ళిపోయే రకాన్ని. మాది క్రైస్తవ కుటుంబం. పోయినవాళ్ళు ప్రభువులో నిద్రిస్తున్నారని చిన్నప్పట్నుంచీ వింటూ పెరిగాను. నిద్రపోయేవాళ్ళు లేచొచ్చి కబుర్లు చెప్పరు కదా. నేను ఇప్పటికీ దెయ్యాలను నమ్మను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మా ఆయన గుడివాడ దగ్గర రొయ్యల చెరువుల మీద సూపర్‌వైజరుగా చేసేవారు. సొంతూరు నాగాయలంక పక్కన. పోయిన ఎండాకాలంలో చెరువు గట్టున, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్ మోటారు దగ్గర కరెంటు షాక్ కొట్టి చనిపోయారు. ముప్పై ఎనిమిదేళ్ళు.

నేను ఏడవలేదు. గొప్పకు చెప్పడం లేదు, ఏడుపు రాలేదు. గుండె రాయి చేసుకుందని నా ఎదురుగానే అనుకున్నారు. రాయి కూడా కాదు. పంటి డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చాక బుగ్గ ఎలా ఉంటుందో ఒళ్ళంతా అలా ఉండేది. గిల్లినా నాది కానట్టే.

జూన్‌లో బందరులో ఒక ప్రైవేటు స్కూల్లో ఉద్యోగం వస్తే గుడివాడలో రెండో అంతస్తు ఇల్లు ఖాళీ చేసి వచ్చేశాను. ఇక్కడ ఊరి చివర నేలమీద ఇల్లు. వెనక గోడ దాటితే వరి చేలే. ఇంట్లో నేనూ, మా అమ్మాయి జెస్సీ, ఇద్దరమే. దానికి ఐదేళ్ళు, యూకేజీ. నాకు అమ్మా నాన్నా లేరు, తోడబుట్టినవాళ్ళూ లేరు. అత్తయ్య చూస్తే డెబ్బై ఏళ్ళ మనిషి. నాకేమన్నా అయితే ఈ పిల్ల ఎవరి దగ్గర ఉంటుంది? ఆ రోజుల్లో పొద్దున్నే నన్ను మంచం మీంచి లేపేది ఆ ఒక్క ఆలోచనే.

బియ్యం అత్తయ్య పంపేది. గోనెసంచిలో కట్టి నాగాయలంక బస్సులో వేయించేది. దాన్ని మెట్ల కింద సామాను గదిలో పెట్టుకున్నాను. ఆ గదిలో లైటు పోయి నెల అయింది. మార్పించాలని అనుకోవడం, ఊరుకోవడం. సంచి సగానికి దిగాక గ్లాసుతో బియ్యం తీయాలంటే చెయ్యి మోచేతి దాకా లోపలికి వెళ్ళేది. నేను చూసేదాన్ని కూడా కాదు. చెయ్యి దానంతటదే వెళ్ళి తెచ్చేది.

అది అక్టోబరులో ఒక ఆదివారం, పొద్దున్న పది దాటింది. రెండు రోజులు ముసురు పట్టి అప్పుడే తెరిపిచ్చింది. చర్చికి వెళ్ళడం మానేసి చాలా రోజులైంది కాబట్టి ఇంట్లోనే ఉన్నాం. నేను గ్లాసు తీసుకుని సామాను గది తలుపు తీశాను. జెస్సీ వెనకే వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. సగం జడ వేసి వదిలేశాను దానికి.

"అమ్మా, బియ్యంలో చెయ్యి పెట్టొద్దంట" అంది.

ఎందుకు అన్నాను.

"పురుగుందంట. పడుకుందంట. లేపొద్దంట."

ఎవరు చెప్పారు అంటే, "నాన్న" అంది. భయమేమీ లేదు దాని మొహంలో. స్కూల్లో మిస్ చెప్పిందన్నట్టు చెప్పింది. అంతకుముందు ఎప్పుడూ అది నాన్న మాట్లాడాడని అనలేదు. వాళ్ళ నాన్న పోయాక ఆయన ఊసే తక్కువ.

నాకు ఒళ్ళు జలదరించిందని రాయాలి. అదేం లేదు. పిల్లలు ఏవేవో అంటారు, అనుకున్నాను. నా మనసులో ఆడిందల్లా ఒకటే, బియ్యానికి పురుగు పట్టిందని. పట్టదా మరి, నెలల తరబడి ఎండ చూపించలేదు, కనీసం మూతి కూడా సరిగ్గా కట్టలేదు. ఇన్నాళ్ళూ పిల్లకి పురుగుల అన్నం పెట్టానా అని చిరాకేసింది. ఎండబొయ్యాలా, వేపాకు వెయ్యాలా అన్నది నాకు తెలీదు. అలాంటివన్నీ ఆయనే చూసుకునేవారు. అత్తయ్యకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి మెట్టు మీద పెట్టాను. ఒక చేత్తో సంచి మూతి పట్టుకున్నాను. రెండో చేతిలో గ్లాసు ఉంది.

"బియ్యానికి పురుగు పట్టిందండీ అత్తయ్యా. ఏం చెయ్యమంటారు?"

ఆవిడకు కోపం వచ్చింది. "నేను ఎండబోసి, వేపాకేసి పంపిన బియ్యం. పురుగెందుకు పట్టుద్దీ? నువ్వు చూశావా?"

"చూళ్ళేదండీ. పిల్ల అంటోంది. నాన్న చెప్పాడంట. బియ్యంలో పురుగు పడుకుంది, లేపొద్దు అన్నాడంట."

  ఆవిడ ఒక్కసారిగా గొంతు తగ్గించి అడిగింది.

"అమ్మాయ్, నీ చెయ్యి ఎక్కడుందిప్పుడు?"

"సంచి మీదండీ."

"తియ్యి. చప్పుడు చెయ్యకుండా వెనక్కొచ్చెయ్. పిల్లని తీసుకుని బయటికి పో. లేపొద్దన్న పురుగంటే బియ్యంలో పురుగు కాదే అమ్మా, మావైపు దాన్నీ పురుగనే అంటాం. దాని పేరెత్తం మేము. నేలమీద పాకేది."

అప్పుడు అర్థమైంది. 'గడ్డిలో నడవకు, పురుగూ పుట్రా ఉంటాయి' అని నేనూ వందసార్లు అనుంటాను. అందులో పురుగంటే ఏమిటో ఒక్కసారైనా ఆలోచించలేదు. సంచి వదిలేసి, తలుపు దగ్గరగా వేసి, జెస్సీని ఎత్తుకుని వాకిట్లోకి వచ్చాను. గ్లాసు నా చేతిలోనే ఉండిపోయింది.

పక్కింటి అన్నయ్యగారు పాములు పట్టే ఆయనకు ఫోన్ చేశారు. ముప్పావుగంటకి వచ్చాడాయన. టార్చి వేసి, ఇనుప కొక్కెంతో సంచి మూతి పక్కకు లాగి, లోపలికి చూసి, "ఉందండీ" అన్నాడు. బియ్యం మీద చుట్టలు చుట్టుకుని, తల ఆ చుట్టల్లో దాచుకుని పడుకుని ఉంది. నల్లగా, సన్నటి తెల్ల కట్లతో. కట్లపాము. ప్లాస్టిక్ డబ్బాలోకి దించి మూత పెట్టేదాకా అది పెద్దగా కదల్లేదు కూడా.

"పగలు ఇట్టాగే మత్తుగా ఉంటదమ్మా. చెయ్యి తగిలితే మాత్రం ఊరుకోదు. ఇది కరిస్తే చీమ కుట్టినట్టు కూడా తెలవదు. గీసుకుందేమోలే అనుకుని పనిచేసుకుంటా ఉంటారు. తెలిసేసరికి ఊపిరందదు" అన్నాడు.

చీమ కుట్టినా తెలియని స్థితిలో అప్పటికి నేను ఐదు నెలలుగా ఉన్నాను. అది కరిచినా నేను అన్నం వండేసి, పిల్లకి తినిపించి, పక్కన పడుకునేదాన్ని. తర్వాత జెస్సీ నన్ను లేపుతూ కూర్చునేది. ఇంట్లో ఇంకో మనిషి లేరు. ఇది తలచుకున్నప్పుడు మాత్రం జెస్సీని ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

ఆ బియ్యం పారబోసే ముందు చేటలో పోసి చూశాను. మొత్తం సంచి. ఒక్క పురుగు లేదు. అత్తయ్య చెప్పినట్టు వేపాకు కూడా అడుగున అలాగే ఉంది.

నేను లెక్కలు చెప్పేదాన్ని కాబట్టి అన్ని విధాలా ఆలోచించాను. జెస్సీ పామును చూసిందా? ఆ గది గొళ్ళెం దానికి అందదు. చూసినా పాము అనే అంటుంది. బొమ్మల పుస్తకంలో పాము చూపించి ఏంటి అంటే పామనే చెబుతుంది. పోనీ ఆ మాట నాగాయలంకలో విందా? అక్కడికి అది వెళ్ళింది మూడుసార్లు. వినే ఉండొచ్చు, కాదనను. కానీ విన్న మాట సరిగ్గా ఆ పొద్దున్నే, నేను గ్లాసు పట్టుకున్నప్పుడే దానికెలా గుర్తొచ్చింది? మా ఆయన చెరువుల మీద పాముల సంగతి ఇంట్లో ఎప్పుడూ చెప్పేవారు కాదు, నేను భయపడతానని. ఆయనా పురుగు అనే అనేవారని తర్వాత అత్తయ్య చెబితే తెలిసింది. ఎనిమిదేళ్ళ కాపురంలో ఆ మాట ఆయన నోటి వెంట నేను వినలేదు.

సాయంత్రానికి అత్తయ్య బస్సు దిగింది. చేతిసంచి, గొడుగు గుమ్మంలోనే పడేసి ముందు నా రెండు చేతులూ పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ప్రార్థన చేసింది. తర్వాత జెస్సీకి పెరుగన్నం కలిపి పెడుతూ, అడగడానికి నాకు ధైర్యం చాలని మాట అడిగింది.

"బంగారం, నాన్న నీతోనే ఎందుకు చెప్పాడమ్మా? అమ్మతో చెప్పొచ్చుగా?"

జెస్సీ నోట్లో ముద్ద మింగి, మామూలుగా చెప్పింది.

"అమ్మకి రోజూ చెప్తున్నాడంట నానమ్మా. అమ్మ పలకట్లేదంట. నన్ను చెప్పమన్నాడు."

అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన పోయాక నాకు మొదటిసారి ఏడుపు వచ్చింది. పిల్ల బెదిరిపోతుందని కూడా చూసుకోకుండా అక్కడే, గుమ్మంలో కూలబడి ఏడ్చాను. పక్కింటివాళ్ళు మళ్ళీ పాము వచ్చిందేమోనని పరిగెత్తుకొచ్చారు.

ఆ తర్వాత జెస్సీ మళ్ళీ ఎప్పుడూ నాన్న మాట్లాడాడని చెప్పలేదు. ఇదంతా ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. దెయ్యాలను నమ్మనని ముందే చెప్పాను. కానీ ఇల్లు ఖాళీగా ఉన్నప్పుడు ఒక్కోసారి చేస్తున్న పని ఆపి, ఫ్యాన్ కట్టేసి, 'ఆఁ, చెప్పండి' అంటున్నాను.