నార్సింగికి పోయే సారు

అది పంతొమ్మిది వందల డెబ్బై మూడు. మాదాపూర్ దాటితే బండలూ సీతాఫలం పొదలే. గుమాస్తా భీమేశ్వరరావు ప్రతి ఆదివారం తెల్లవారగానే ప్యాంటు కాలికి క్లిప్పు పెట్టుకుని అమీర్‌పేట నుంచి అటే సైకిలెక్కేవాడు. తొక్కడం తక్కువ, దొర్లనివ్వడం ఎక్కువ. తంగేడు పూలు కనిపిస్తే దిగేవాడు, పిట్ట కూస్తే ఆగేవాడు. దుర్గం చెరువు పక్క బండ మీద వెల్లకిలా పడుకుని, మబ్బులు చెరువు దాటేదాకా చూసి, అక్కడినుంచే ఇంటికి మళ్లేవాడు. దారిలో సీతాఫలాలు ఏరే చంద్రమ్మ "యాడికి సారూ?" అంటే మాత్రం, ఊరికే తిరుగుతున్నానని చెప్పడానికి సిగ్గేసి, "నార్సింగికమ్మా" అనేవాడు.

ఒకనాడు ఆమె చిన్న మూట తెచ్చింది. "నా బిడ్డ గాడనే ఉంటది సారూ. మనుమరాలికి అంగీ కుట్టిన. జర ఇస్తవా?" కాదనలేక తీసుకున్నాడు. నాలుగడుగులు పోయి, సైకిలు దిగి, వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

"నార్సింగికి దారెటమ్మా?"

చంద్రమ్మ నవ్వలేదు. చెయ్యెత్తి దారి చూపించి, బిడ్డ ఇంటి గుర్తులు చెప్పింది. ఆ రోజు అతను మబ్బులు చూడలేదు. మధ్యాహ్నానికి మూట ఇచ్చి వచ్చాడు.

మరుసటి ఆదివారం ఆమె, ఏమీ ఎరగనట్టే, "యాడికి సారూ?" అంది.

"ఎక్కడికీ లేదమ్మా," అన్నాడు తలవంచుకుని.

"అయితె జర మెల్లగ పో సారూ," అంది చంద్రమ్మ, ఒక పండు అతని చేతిలో పెడుతూ.