ఎనభై దగ్గర ఆగిన కారు

పవర్‌ప్లాంటు ఆవిరి నింపాదిగా మబ్బుల్లో కలిసిపోతోంది. జ్యోతినగర్ దగ్గర రోడ్డు పక్కన బ్యాటరీ కారుకు చార్జింగ్ పెట్టి కూర్చున్నాం, నేనూ నా భార్యా. గోదావరిఖనిలోని మా ఇంటి నుంచి ఆమెను హైదరాబాద్ తీసుకుపోతున్నాను. నిన్న కరీంనగర్ దవాఖానలో డాక్టరు, “జబ్బు పూర్తిగా పోదమ్మా. మందులు వాడితే మంచిగనే తిరుగుతవు” అన్నాడు. పూర్తిగా పోకపోవడమేమిటి? నాకు ఒళ్లు మండింది. ఇంకో పెద్ద డాక్టరు, ఇంకో ఆపరేషను, ఏదైనా సరే, మొత్తం పోవాల్సిందే. ఆమె వద్దంటూనే ఉంది. నేను వింటేనా!

లేత ఎండకు కళ్లు మూతలు పడ్డాయి. మూసిన కళ్ల ముందు బొగ్గుగని మీది ల్యాంపు రూం కనిపించింది. ముప్పై ఏళ్లు అక్కడే నా డ్యూటీ. గనిలోకి దిగేవాళ్లు తలకు పెట్టుకునే లైట్లకు చార్జింగ్ పెట్టి, షిఫ్టు వేళకు అందించేవాణ్ని. వరుసలు వరుసలుగా ఎర్రటి చుక్కలు, కిటికీ అవతల చాచిన చేతులు. ఎవరెంత జల్ది చేసినా, నిండని లైటు నా చేతిమీదుగా ఏనాడూ పోలేదు.

చార్జింగ్ మిషను టక్కున ఆగింది. కళ్లు తెరిచాను. తెరమీద ఎనభై శాతం. మళ్లీ నొక్కాను. ఉహుఁ. అరచేత్తో గుద్దాను.

వెనక కారాయన దిగివచ్చాడు. “కాకా, ఈడ ఎనభైకే ఆగుతది. మిగిలింది నిండాలంటే మస్తు సేపు పడ్తది. వెనక ముగ్గురమున్నం గద.”

“నిండకుండ నన్ను హైదరాబాద్ పొమ్మంటవా? ఏం తమాషనా?” అని గయ్యిమన్నాను. పాపం, ఆయన బిత్తరపోయాడు.

నా భార్య అద్దం దించింది.

“ఏందయ్యా ఆ లొల్లి? నిండలేదని కారును ఈడ్నే ఇడిచిపెట్టి పోతవా?”

“ఎందుకు ఇడిచిపెడ్త?”

“మరి నన్నెందుకు గట్ల జూస్తున్నవ్? జబ్బు మొత్తం పోకుంటే నీకు అక్కెరకు రానా నేను?”

మిషను మీది నుంచి చెయ్యి తీశాను.

“ఆ ఆపరేషన్లు, ఆ కోతలు ఇంక నాతోని కాదు. ఉన్నన్ని దినాలు ఇంట్ల ఉంట. నీతోని కూసొని చాయ్ తాగుత. గంతే.”

నాకు ఏడుపు ఆగలేదు. అంతమంది ముందు, రోడ్డు మీద, సిగ్గులేకుండా ఏడ్చాను. ఇన్నాళ్లూ జబ్బుతోనే కొట్లాడుతూ, పక్కనున్న మనిషిని నీకేం కావాలని ఒక్క మాట అడగలేదు. వెనక కారాయనే మెల్లగా కేబులు తీసి పక్కన పెట్టాడు.

“ఇంటికి పోదాం” అన్నాను.

ఆమె నమ్మలేదు. కారు గోదావరిఖని వైపు తిరిగేదాకా స్టీరింగు మీది నా చేతులనే చూస్తూ కూర్చుంది.