మూడ్రోజుల మా పిల్లని లెక్కలో రాయించాలని తిరిగిన సత్యవతి

అందరూ ఎలా ఉన్నారండి?

పెద్దొదినగారూ, మీ షుగర్ ఎంతుంది? రాంబాబూ, ఆ దగ్గు తగ్గిందా, చూపించుకున్నావా? తణుకు చెల్లీ, నీ మోకాలు ఎలా ఉంది?

నిన్న మధ్యాహ్నం నుంచి నాకు అందరి గురించీ భయంగానే ఉంది.

మన నర్సు సత్యవతి పోయిందండి.

అన్నం తిని కూర్చుందట. గుండెల్లో మంటగా ఉందందట. ఆటో వచ్చేలోపే అయిపోయింది. వాళ్ళాయన ఫోన్లో చెబుతుంటే ఇంకెవరో సత్యవతి అనుకున్నాను. మొన్న ఆదివారమే కదా నన్ను తిట్టింది.

ఎందుకు తిట్టిందో చెప్పాలి. ఇన్నాళ్ళూ మీ ఎవరికీ చెప్పలేదు.

తెలియని వాళ్ళకి చెబుతున్నాను, రిటైరయ్యేదాకా మా ఊరి హెల్త్ సెంటర్లోనే పనిచేసింది. పుట్టి నెల నిండకుండా పోయే పిల్లల సంగతి ఆమెకి చాలా పట్టింపు. ఏ ఏడు ఎంతమంది పోయారో పాత క్యాలెండర్ వెనక గీత గీసి, వంటింటి తలుపుకి అంటించుకుంది. ఆ గీత ఏటికేడు దిగుతుంటే ఆమెకి పండగే.

ఒక్కసారిగా దిగితే మాత్రం అనుమానం.

పోయినేడు అలాగే దిగింది. మీటింగులో శాలువా కప్పబోయారట. ఈవిడ లేచి, "పిల్లలు పోవడం తగ్గిందా, మనకి చెప్పడం తగ్గిందా? ఇల్లిల్లూ తిరిగొచ్చాక కప్పండి" అందట.

అలా తిరుగుతూ ఆ వేసవిలోనే మా గడప కూడా ఎక్కింది.

మా అమ్మాయి దుర్గ కాన్పుకి నా దగ్గరకొచ్చింది కదా. ఆడపిల్ల, తల్లీబిడ్డా క్షేమం అని మీ అందరికీ మెసేజ్ పెట్టాను. ఆ తర్వాత ఏమీ పెట్టలేదు. మీరూ అడగలేదు.

ఇంటికి తెచ్చాక పిల్ల పాలకి లేవలేదు. ఏడవదు, ఎంత బుద్ధిమంతురాలో అనుకున్నాం. ఆ మాట అన్నది నేనే.

పుట్టిన మూడోరోజు పొద్దున చూస్తే ఒళ్ళు చల్లగా ఉంది.

పురిటి స్నానం కూడా కాలేదు, పైకి చెప్పుకోకూడదన్నారు. అందుకని సత్యవతి వస్తే, తల్లీబిడ్డా అవతలి గట్టుకి, అత్తారింటికి వెళ్ళిపోయారని చెప్పేశాను.

"పదిరోజుల పిల్లని గోదావరి దాటించావా పిన్నీ? నువ్వా?" అంది.

మూడోనెల రాకుండా వీధి దాటిస్తేనే గోల చేసే మనిషిని నేను.

గుమ్మంలోంచి లోపలికి చూస్తూ మెల్లగా, "లోపల్నుంచి మల్లెపూల వాసనొస్తోంది" అంది.

పాలు ఆగిపోవాలని దుర్గ గుండెల మీద మల్లెపూలు కట్టి పడుకోబెట్టాను.

సత్యవతి చెప్పులు విప్పేసింది. లోపలికెళ్ళి దుర్గ పక్కన చాలాసేపు కూర్చుంది.

ఆ తర్వాత మొదలెట్టింది, పిల్ల పోయినట్టు రాయించు పిన్నీ, రాయించు పిన్నీ అని. ఇంట్లోవాళ్ళు చెప్పి సంతకం పెడితేగానీ రాయరట. చివరికి ఇద్దరం కలిసి వెళ్ళాం.

ఇవతల, చావుపుట్టుకలు రాసే ఆఫీసులో, మీ అమ్మాయి కాన్పు కార్డు అవతలి జిల్లాది, అక్కడికెళ్ళండి అన్నారు. పంటు పడవెక్కి ఏరు దాటి వెళ్తే, పుట్టిందీ పోయిందీ ఇక్కడ కాదు కదా అన్నారు.

"అయితే పంటు మీద కూర్చుని రాయమంటారా?" అంది సత్యవతి.

ఆసుపత్రిలో పుట్టినట్టు ఉంది. పోయినట్టు ఎక్కడా లేదు. పాపకి టీకా వేయించండి అని ఇప్పటికీ దుర్గ ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. వచ్చినప్పుడల్లా అది ఫోన్ బోర్లించేస్తుంది.

దేశం లెక్కలో మా పిల్ల బతికే ఉందండి. ఇలాంటి పిల్లలు ఇంకెంతమందో. పసిపిల్లల చావులు తగ్గాయని టీవీలో చెబుతుంటే నాకు ఒళ్ళు మండిపోతోంది. ఎవరి మీదో కాదు, నా మీద కూడా.

దుర్గకి ఇప్పుడు మళ్ళీ ఐదోనెల. దిష్టి అని మీకు చెప్పలేదు. కార్డులో మొదటి పిల్ల బతికున్నట్టే ఉంది. దుర్గ డాక్టరమ్మ ముందు నోరు విప్పదు. అలా నేర్పింది నేనే.

మొన్న తిట్టింది అందుకే.

"మొదటిది మూడోరోజున పోయిందని వాళ్ళకి తెలియకపోతే ఎలా? రెండోది పాలకి లేవకపోయినా బుద్ధిమంతురాలే అనుకుంటారు పిన్నీ. ఈ బుధవారం పద."

బుధవారం అష్టమి, పై వారం చూద్దాంలే అన్నాను. ఫోన్ పెట్టేసింది. అదే ఆఖరు.

నిన్న చూసి వచ్చాను. తలుపు మీద క్యాలెండర్ అలాగే ఉంది. అన్నీ పెన్నుతో గీసి, పోయినేటి దగ్గర మాత్రం పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టుకుంది.

మా పిల్లే అయ్యుంటుంది.

సత్యవతీ, చాలా తిరిగావు. ఇక ప్రశాంతంగా పడుకో తల్లీ.

దుర్గకి ఫోన్ చేసి చెప్పేశాను. బుధవారం పొద్దున్నే మొదటి పంటుకి వస్తున్నాను, డాక్టరమ్మ దగ్గరికీ ఆఫీసుకీ ఇద్దరం వెళ్తున్నాం అని.

అష్టమైనా సరే.