గాజుకు రెండు ముఖాలు

ల్యాబులో ఆమెను అందరూ "అద్దాలక్క" అనేవారు. ఆ పేరు ఊరికే రాలేదు. ఆమె తండ్రిది అద్దాల కొట్టు. కిటికీలకూ ఫొటోలకూ అద్దాలు కోసి ఇచ్చేవాడు. పదేళ్లు నిండకముందే ఆమె వజ్రపు ముల్లున్న పెన్సిలుతో గాజు మీద ఒక్క గీత గీసి, రెండు బొటనవేళ్లతో వంచి, బిస్కెట్టు విరిచినట్టు టక్కున విరిచేది. "గాజుకి రెండు ముఖాలుండవే తల్లీ, ఎటు తిప్పినా ఒకటే. ఆ తెలివితేటలు మనుషులకే" అనేవాడు తండ్రి.

పెద్దయ్యాక ఆమె ఎంచుకున్న పని సరిగ్గా ఆ మాటను అబద్ధం చేసే పని. అగ్గిపెట్టెంత గాజుపలకను వేడి పళ్లెం మీద నాలుగు వందల యాభై డిగ్రీల దాకా కాల్చి, తగరం కరిగించిన ద్రావణాన్ని సన్నటి తుంపరగా చల్లాలి. పలక మీద తగరపు ఆక్సైడు పొర పడుతుంది. కంటికి కనబడదు గానీ కరెంటును పోనిస్తుంది. తర్వాత ఆ పొర మీదే, గాలంతా తోడేసిన పెద్ద గాజుగంట కింద, కాడ్మియం టెల్యురైడు పొడిని 'పడవ' అనే చిన్న లోహపు గిన్నెలో కరెంటుతో ఆవిరి చేసి రెండో పొర పట్టించాలి. దాని మందం తలవెంట్రుకలో యాభయ్యో వంతు. ల్యాబులో ఫిలిం అనే ఈ రెండు పొరల జంట మీద వెలుతురు పడితే వోల్టేజీ పుడుతుంది. అదీ సంగతి.

చిక్కంతా ఎక్కడంటే, ఆక్సైడు పట్టిన పలకకు ఒక ముఖం కరెంటుకు దారి, రెండో ముఖం అడ్డుగోడ. చూడ్డానికి మాత్రం కవల పిల్లలు. అందుకని పలక మూలన గోరంత గీత గీస్తారు. గీత ఉన్నది వట్టి గాజు వైపు, లేనిది ఆక్సైడు వైపు. ఆ పద్ధతి పెట్టింది అద్దాలక్కే. పెట్టి ఊరుకోలేదు, కొత్తగా చేరిన ప్రతివాళ్లకూ ఒక హెచ్చరిక కూడా చేసేది: "గీతని నమ్మకండి. మీటరు పెట్టి చూడండి. కూత కూస్తే ఆక్సైడు, కూయకపోతే గాజు."

ఆ మాట ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లలో అందరికంటే చురుకైనది పిచ్చుక. మనిషి సన్నగా, ఒక్కచోట నిలవకుండా ఉంటుందని పెట్టిన పేరది. పలకను సబ్బుతో, ఆసిడ్‌తో, ఆల్కహాలుతో కడగడం, కడిగాక "హా" అని ఊపిరి వదిలి ఆవిరి మచ్చల్లేకుండా పరుచుకుందో లేదో చూడడం, అన్నీ పక్కన నిలబెట్టుకుని నేర్పింది అద్దాలక్కే. "అక్కా, మీరు లేకపోతే నేను గ్లాసులు కడిగే దాన్నే గానీ ఫిలింలు చేసే దాన్ని కాదు" అనేది పిచ్చుక. అద్దాలక్కకు ఆ మాట తియ్యగా ఉండేది.

తర్వాత అద్దాలక్కకు పాప పుట్టింది. కాన్పుకు ముందూ తర్వాతా కలిపి ఏడాది పైగా ల్యాబుకు దూరమైంది. తిరిగి వచ్చేసరికి ఏకై వచ్చిన పిచ్చుక మేకై కూర్చుంది. గాజుగంట ఎదురుగా ఉన్న బల్ల ఇప్పుడు పిచ్చుకది. మీటరు ఆ బల్ల మీదే ఉంటోంది. ల్యాబు నడిపే సార్ గదిలోంచి వచ్చే పిలుపులన్నీ పిచ్చుకకే. అద్దాలక్కకు తలుపు పక్క బల్ల ఇచ్చారు.

పోనీ, బల్ల ఏదైతేనేం, పని బాగుంటే చాలనుకుంది. పనే బాగోలేదు. ఆమె చేసిన ప్రతి ఫిలిమూ గంట కిందినుంచి నల్లగా, నిగనిగలాడుతూ వచ్చేది. క్లోరైడు ద్రావణంలో ముంచి కొలిమిలో పెట్టగానే బొబ్బలెక్కి, పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయేది. ఒకటి కాదు, రెండు కాదు, మూడు నెలల్లో పద్దెనిమిది. పిచ్చుకవి మాత్రం అదే గంట, అదే పొడి, అదే కొలిమి, గోటితో గీకినా ఊడేవి కావు.

"నీ దగ్గరేదో కిటుకు ఉందే పిచ్చుకా" అంది ఒకరోజు నవ్వుతూనే.

"నా దగ్గరేముంటుందక్కా, అన్నీ మీరు చెప్పినవే" అంది పిచ్చుక.

అబద్ధం అనుకుంది అద్దాలక్క. కిటుకు దాచుకుంటోంది. నేర్పిన చేతికే ఎసరు పెడుతోంది. ఆ రోజునుంచి ఆమెకు పిచ్చుక ఏం చేసినా కంట్లో నలుసే. ఈల వేస్తే తప్పు, వేయకపోతే పొగరు. కొత్త చెప్పులు వేసుకొస్తే, "అవును మరి, ఫిలింలు నిలబడేవాళ్లకి చెప్పులేం ఖర్మ" అనుకునేది. పలకలు సర్దేటప్పుడు మీటరు కావాలంటే పిచ్చుక బల్ల దాకా వెళ్లి అడగాలి. అడగడం నామోషీ అనిపించేది. గీత గీయించిందే తను, తనకెందుకు మీటరు? పైగా ఐదు కొట్టేసరికి పాప కోసం పరుగెత్తాలి. గీత చూసుకునేది, పలక పెట్టేసేది.

ఇంట్లోనూ ఆమెకు స్థిమితం లేదు. కాడ్మియం విషం. మోచేతుల దాకా మూడుసార్లు తోముకుని, స్నానం చేసి, బట్టలు మార్చుకుంటేగాని పాపను ఎత్తుకునేది కాదు. ఈలోపు పాప వాళ్ల నాన్నమ్మ చంకెక్కి కూర్చుని, తల్లి చేతులు చాపినా రానని మొహం తిప్పేసేది. "ఆగమ్మా, మీ అమ్మకి ఇంకా నురగ పోలేదు" అనేది అత్తగారు. అందులో ఎత్తిపొడుపేమీ లేదు. అయినా అద్దాలక్కకు చురుక్కుమనేది. లోకంలో తనవి కావాల్సినవన్నీ ఎవరో ఒకరి చంకలోనే ఉన్నాయనిపించేది.

ఇలా ఉండగా సార్ ఇద్దర్నీ పిలిచాడు. "పెద్ద సంస్థవాళ్లు సూర్యుడిలాంటి దీపం కింద మన ఫిలిం కొలిచి ఇస్తామన్నారు. సోమవారం ఒక్కటే పంపాలి. శనివారం ఎవరిది బాగుంటే వాళ్లది." తర్వాత అద్దాలక్క వైపు తిరిగి, గొంతు తగ్గించి అన్నాడు. "నెలాఖరుకి మీరు ఒక్క వోల్టేజీ అయినా చూపించాలమ్మా. లేకపోతే మీ పరిశోధన గడువు పొడిగించమని నేను రాయలేను. ఆరేళ్ల పని పోతుంది."

నెలాఖరుకు పన్నెండు రోజులుంది.

గురువారం సాయంత్రం పిచ్చుక మర్నాటి పూతకు నాలుగు పలకలను చట్రంలో సర్ది, టీ తాగడానికి వెళ్లింది. ఆవిరి కిందినుంచి పైకి లేస్తుంది కాబట్టి పూత పడాల్సిన ముఖం కిందికి ఉండాలి, గీత ఉన్న ముఖం పైకి. అద్దాలక్క అటుగా వెళుతూ ఆగింది. చేతి తొడుగు తీసి గోటితో పలక మూలను తడిమింది. నున్నగా ఉంది. వంగి వెలుతురులో చూసింది. గీత అడుగు వైపుంది. నాలుగింటికీ అంతే.

తిరగేసి పెట్టింది! సోమవారం పంపాల్సిన పలకలను తిరగేసి పెట్టింది!

చెప్పాలి. ఒక్క మాట. "పిచ్చుకా, చూసుకో" అంటే చాలు. ఇంతలో పిచ్చుక ఈల వేసుకుంటూ వచ్చింది.

"ఏంటక్కా, చూస్తున్నారు?"

"ఏం లేదు. బాగా సర్దావ్" అంది అద్దాలక్క.

ఆ రోజు ఆమె పాపతో కిటికీ దగ్గర ఆడింది. "హా" అని అద్దం మీద ఊపిరి వదిలితే పాప కూడా "హా" అని తుంపర్లు చల్లింది. భర్త బడినుంచి వచ్చి, బోర్డు సుద్ద ఇంకా చొక్కా మీద ఉండగానే, "ఇవాళ మొహం వెలిగిపోతోంది. నీ ఫిలిం నిలబడిందా?" అన్నాడు.

"లేదు."

"మరి?"

"మరేం లేదు" అని పాపను ముద్దు పెట్టుకుంది. పాప బుగ్గ మీద పెదాలు ఆనించినప్పుడు మాత్రం, ఎందుకో ఇంకోసారి చేతులు కడుక్కోవాలనిపించింది.

శుక్రవారం పొద్దున పిచ్చుక పూత వేసింది. మధ్యాహ్నం కొలిమిలో పెట్టింది. అద్దాలక్క తన బల్ల దగ్గర చదివిన పేజీనే చదువుతూ, చెవులు కొలిమి తలుపుకు అప్పగించి కూర్చుంది. అయ్యో అనే కేక ఎప్పుడు వినబడుతుందా అని. ఓదార్పు మాటలు కూడా సిద్ధం చేసుకుంది: "పోన్లే, నాకూ ఇలాగే అయింది కదా."

కేక వినబడింది. "అక్కా! బాబాయ్! నాలుగొందల ఇరవై!"

పంపుల పని చూసే ముసలాయన, అందరికీ బాబాయ్, నూనె చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. బల్లదీపం కింద పిచ్చుక ఫిలిం నల్లటి అద్దంలా ఉంది. మీటరు మీద నాలుగు వందల ఇరవై మిల్లీవోల్టులు. "ఓసి నీ దుంప తెగ! పంపుకి పొద్దున దణ్ణం పెట్టినట్టున్నావే" అన్నాడు బాబాయ్.

అద్దాలక్క మీటరు మీది అంకెను మళ్లీ చదివింది. తిరగేసిన పలక మీద వోల్టేజీ ఎలా వస్తుంది? వట్టి గాజు మీద పూత పూస్తే కరెంటుకు దారేది? రాదు. రాకూడదు. మరి వచ్చింది.

పిచ్చుక ఆ సంగతి సార్‌కు చెప్పడానికి పరుగెత్తింది. బల్ల మీద మీటరు ఒంటరిగా ఉంది. అద్దాలక్క మూడు నెలల్లో మొదటిసారి దాన్ని చేతిలోకి తీసుకుంది. తన డబ్బాలో మిగిలిన ఒక కొత్త పలక తీసి, గీత లేని వైపు రెండు ముళ్లూ ఆనించింది. మీటరు మూగగా ఉంది. తిప్పి, గీత ఉన్న వైపు ఆనించింది.

కూసింది.

ఇంకో పలక. కూసింది. ఇంకొకటి. కూసింది. మూడు నెలలు, పద్దెనిమిది ఫిలింలు, అన్నీ వట్టి గాజు మీద. ఊడక ఏం చేస్తాయి?

"బాబాయ్" అంది, "ఈ గీతలు ఎటు గీస్తున్నారు?"

"ఆక్సైడు వైపే. నువ్వు లేనప్పుడు మార్చాంగా" అన్నాడాయన తాపీగా. "ముందే గీసిన పలకలు వేడి పళ్లెం మీద గీత పట్టుకుని పగిలిపోతున్నాయి. ఒక్క వారంలో ఐదు పోయాయి. అందుకని చల్లడం అయ్యాక పై ముఖం మీదే గీయమన్నాడు సార్. కాగితం కూడా అంటించాంగా, చూళ్లేదూ?"

"ఎక్కడ?"

బాబాయ్ గోడ వైపు చూపించాడు. అక్కడ మేకుకు ఆమె తెల్లకోటు వేలాడుతోంది. రోజూ పొద్దున వచ్చాక చేతిసంచీ, పూత పని లేనప్పుడూ వెళ్లేటప్పుడూ కోటు, ఆ మేకుకే తగిలిస్తుంది. కోటు ఎత్తింది. వెనకాల కాగితం, పిచ్చుక గుండ్రటి అక్షరాలు: 'ఇకనుంచి గీత ఉన్నది ఆక్సైడు వైపు. అయినా గీతని నమ్మకండి. మీటరు పెట్టి చూడండి. అద్దాలక్క మాట.'

తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది. బాధ ఉంది, అరవడానికి నోరు లేదు. ఏమని అరుస్తుంది? నిన్న సాయంత్రం ఒక్క మాట, "పిచ్చుకా, తిరగేసి పెట్టావ్" అని ఉంటే, ఆ పిల్ల నవ్వి, "కాదక్కా, గీత మారింది" అని ఉండేది. నిన్ననే తెలిసిపోయేది. నిన్న రాత్రే తన పలకలూ సరిగ్గా సర్ది ఉండేది. నోరు మూసుకుని ఆ పిల్ల గొయ్యి లోతెంతో చూద్దామనుకుంది. తీరా చూస్తే అందులో ఉన్నది తను.

పిచ్చుక తిరిగొచ్చింది. మొహం వెలుగుతోంది. మీటరు అద్దాలక్క చేతిలో, కోటు నేల మీద, కాగితం బట్టబయలు. చూసి ఆగిపోయింది.

"నిన్న నీ పలకలు తిరగబడ్డాయనుకున్నాను" అంది అద్దాలక్క. "తెలిసీ చెప్పలేదు. పాడైపోవాలనే చెప్పలేదు."

పిచ్చుక చట్రం దగ్గరకు వెళ్లింది. చట్రం మూత తీసింది, పెట్టింది. "మీరు మూలని తడిమి చూడ్డం నేను గుమ్మంలోంచి చూశానక్కా. ఇప్పుడు చెబుతారు, ఇప్పుడు చెబుతారు అని చూశాను."

"మరి నువ్వే చెప్పొచ్చుగా, గీత మారిందని?"

"మీరు చెప్పాకే చెబుదామనుకున్నాను." పిచ్చుక చట్రాన్ని పక్కకు జరిపింది. "నెల కింద కూడా ఒకసారి మీ పలకలు చూశాను. గీత పైకుంది. మీటరు పెట్టకుండా మీరు సర్దరు కదా, నాకు నేర్పిన మనిషికి నేనేం చెప్పను అనుకున్నాను." ఆగింది. "అది సగమే నిజమక్కా. నేను ఏ ఫిలిం చూపించినా సార్, మీ అక్క ఉన్న రోజుల్లో అయితే, అని మొదలుపెట్టేవారు. ఏడాదంతా విన్నాను. మీవి ఊడుతుంటే... నాకూ బాగానే ఉండింది."

"ఓసి దొంగముఖమా" అంది అద్దాలక్క. తిట్టు తిట్టులాగే వచ్చింది. కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. కోపానివో, సిగ్గువో ఆమెకే తెలియలేదు. "పద్దెనిమిదే! పద్దెనిమిది ఊడాయి!"

"మీరు నాలుగు ఊడగొడదామనుకున్నారుగా" అంది పిచ్చుక కూడా వదలకుండా.

"బాగుందమ్మా సంబరం" అన్నాడు బాబాయ్ పంపు మీట వేస్తూ. "పోట్లాడుకునేవాళ్లు పోట్లాడుకోండి. రేపు పొద్దున గంట ఖాళీ. పలకలు పెట్టేవాళ్లు పెట్టుకోండి. మీటరు ఉన్నది ఒక్కటే, దానికోసం కొట్టుకోకండి."

శనివారం సార్ పిచ్చుక ఫిలింనే ఎంచాడు. ఎంచక ఏం చేస్తాడు? అద్దాలక్క గంట ముందు నిలబడి, తన నాలుగు పలకలకూ మీటరు పెట్టింది. నాలుగూ కూశాయి. గీత కిందికి పెట్టింది. మధ్యాహ్నం కొలిమి తలుపు తెరిచింది. బొబ్బల్లేవు. గోటితో గీకింది. ఊడలేదు. పిచ్చుక వచ్చి, అడగకుండానే ఫిలిం వెనక తీగ ఆనడానికి లోహపు చుక్క అంటించి, తీగలు పట్టుకుంది. బల్లదీపం వెలిగించారు. అంకెలు ఎగిరెగిరి నిలబడ్డాయి. మూడు వందల పది.

అద్దాలక్క అరచేయి అడ్డం పెట్టింది. అంకె పడిపోయింది. తీసింది. లేచింది. నెలాఖరుకు ఇంకా పది రోజులుంది. ఈ ఒక్క అంకె చాలు, సార్ ఉత్తరం రాస్తాడు. ఆరేళ్లు దక్కాయి.

సంతోషమే. అయినా రిజిస్టరులో రాయబోతూ ఆమె కళ్లు పై వరుసకే పోయాయి. నాలుగు వందల ఇరవై. నూట పది తేడా. కడుపులో ఆ పాత మంట మళ్లీ రాజుకుంది, ఏమాత్రం సిగ్గు లేకుండా.

పెన్ను మూత పెట్టి, పిచ్చుక బల్ల దగ్గరకు నడిచింది. ఎనిమిది అడుగులు. మూడు నెలలుగా అడగడానికి నడవనివి.

"పడవకి కరెంటు ఎంత పెట్టావే? ఎంతసేపు?"

పిచ్చుక ఆమె మొహంలోకి చూసింది. "చెబితే నాది దాటేస్తారు."

"దాటేస్తాను."

పిచ్చుక పెదవి కొరుక్కుంది. తర్వాత తన నోటుబుక్కు తెరిచి, పేజీ చేత్తో కాస్త కప్పుకుంటూనే, అద్దాలక్క వైపు జరిపింది.