నాలుగు చక్రాలూ లాగిన రోజు

తొంభైల మొదట్లో, అది నా పెళ్లి రోజు. ఖరగ్‌పూర్‌లో, నిమ్‌పురా రైల్వే క్వార్టర్సు నుంచి చర్చికి నన్ను నాన్నే జీపులో తీసుకెళ్తున్నారు. ఆయన ఉద్యోగమే జీపు డ్రైవరు. సన్నని వానలో ఊరంతా నా తెల్లటి ముసుగు అవతల కలలా కదులుతోంది.

ఎర్రమట్టి మలుపులో జీపు వెనక చక్రాలు దిగబడ్డాయి. ఉన్నచోటే గిర్రున తిరుగుతూ బురద చిమ్మాయి. దూరంగా చర్చి గంట మోగుతోంది.

“గట్టిగా తొక్కు నాన్నా!” అన్నాను ఏడుపు గొంతుతో.

“తొక్కితే ఇంకా దిగిపోద్దమ్మా. ఎనక సెక్రాలు జారిపోతన్నాయి. ముందు సెక్రాలకీ ఇంజిను బలం కలిపితే, అయ్యి పట్టుకుని లాగుతాయి,” అంటూ నాన్న చిన్న లివరు వేశారు.

జీపు ఒక్కసారి వణికి, నిద్రలో నడిచినట్టు మెల్లగా గట్టెక్కింది. నా చీరకు ఒక్క మరకైనా అంటలేదు.

గట్టి రోడ్డు మీదికి రాగానే నాన్న ఇంజిను ఆపేశారు.

“ఏటైంది నాన్నా? జీపు సెడిపోయిందా?”

“నేదమ్మా. రెండు నిమిషాలు ఆగెళ్దాం,” అన్నారు, నా వైపు చూడకుండా.

వాన చప్పుడు వింటూ ఇద్దరం అలాగే కూర్చున్నాం. చర్చికి ఆలస్యంగా చేరితే అందరూ బురదనే తిట్టుకున్నారు. ఆ రెండు నిమిషాల సంగతి మేమిద్దరం ఎవరికీ చెప్పలేదు. పెళ్లిలో నాకు అన్నిటికన్నా బాగా గుర్తున్నది అదే.