బోర్డు మీద మిగిలిన ట్యాగు

ఆ రోజుల్లో సింగపూర్‌లో తెలుగువాడంటే కంప్యూటర్ పనే అనుకునేవారు. ఒక ఆదివారం లిటిల్ ఇండియాలో ఇస్త్రీ చొక్కా వేసుకున్న తెలుగాయన ఒకరు నా మాట విని ఆగి, "సైన్స్ పార్క్‌లోనా? జావానా, మెయిన్‌ఫ్రేమా?" అని ఆప్యాయంగా అడిగాడు. "ట్యాంకండీ" అన్నాను. అదేదో కొత్త కోర్సనుకున్నాడు కాబోలు, తలూపి వెళ్ళిపోయాడు. మా గదిలో ఈ మాట చెప్పుకుని వారం రోజులు నవ్వుకున్నాం. నవ్వుకోక ఏం చేస్తాం?

మేం జురాంగ్ ఐలాండ్‌లో పెద్ద పెద్ద చమురు ట్యాంకుల్లోకి దిగి, పాత రంగు గోకి కొత్త రంగు వేసేవాళ్ళం. రేకుల గదిలో పన్నెండుమందిమి. తెల్లవారకముందే లారీ వచ్చేది, లారీతోపాటే మధ్యాహ్నం అన్నం పొట్లాలు. ఆ ఎండకి పన్నెండింటికల్లా పప్పు పులిసిపోయేది. పులిసినా తినేవాళ్ళం. నా కింది మంచం వాడు మా పక్క ఊరివాడే, శ్రీకాకుళం వైపు. ఒకే ఏజెంటును నమ్మి ఒకే విమానంలో వచ్చాం.

ఒంట్లో బాగోకపోతే డాక్టరు దగ్గర ఎమ్‌సీ కాగితం తెచ్చి సెలవు తీసుకోవచ్చు. అది రూలు. కాగితం తెచ్చినవాడి ముఖం సూపర్‌వైజరు గుర్తుపెట్టుకుంటాడన్నది మా అనుభవం. మావాడు ఆ నెల అప్పటికే రెండు తెచ్చాడు. మూడోది తెస్తే వర్క్ పర్మిట్ రద్దు చేసి విమానం ఎక్కిస్తానని సూపర్‌వైజరు అందరిముందూ చెప్పేశాడు. తర్వాత పది రోజులకి, ఒక ఉదయం వాడి ఒళ్ళు పెనంలా కాలిపోతోంది.

"నాను లెగనేన్రా. ఎలాగోలా లారీ ఎక్కించీ," అన్నాడు.

"సచ్చిపోతావేటి? తొంగో. నీ ట్యాగు నానేసేత్తాను," అన్నాను.

ట్యాగంటే నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ళ. ట్యాంకులోకి దిగేవాడు దాన్ని బయట బోర్డుకి తగిలించి దిగాలి, పైకొచ్చాక తీసుకోవాలి. లోపల ఎంతమంది ఉన్నారో తెలియడానికి ఆ ఏర్పాటు. కానీ మా సూపర్‌వైజరు బద్ధకిష్టి. పదింటికి వచ్చి బోర్డు చూసి, దాన్నిబట్టే హాజరు రాసుకునేవాడు. ఇంకేం, కాలేజీలో ఒకడికి ఇంకొకడు ప్రెజెంట్ సర్ అన్నట్టు, లేవలేనివాడి ట్యాగు లేచినవాడు తగిలించడం మాకు మామూలైపోయింది. అది స్నేహధర్మం అనుకునేవాళ్ళం.

ట్యాంకులోకి దిగే మ్యాన్‌హోల్ దగ్గర కాపలా ఉండే పెద్దాయన్ని అందరం అన్నా అనేవాళ్ళం. వాళ్ళ తాతలది చిత్తూరు వైపట. ఇంట్లో తమిళం, మాతో తమిళం కలిసిన తెలుగు. దిగే ప్రతివాణ్ణీ "తిన్నావా తంబీ?" అని అడిగేవాడు. ఆ ఉదయం ఆయన గాలి కొట్టే బ్లోయర్ గొట్టం సరిచేస్తూ అటు తిరిగాడు. నేను రెండు ట్యాగులూ తగిలించి, మాస్కు పెట్టుకుని గుంపులో కలిసి దిగిపోయాను.

పది దాటింది. సూపర్‌వైజరు వచ్చి హాజరు రాసుకుని వెళ్ళిపోయాడు. గండం గడిచిందనుకున్నాను. అప్పుడు బ్లోయర్ ఆగిపోయింది. కాసేపటికే థిన్నర్ వాసన గొంతు పట్టేసింది. గ్యాస్ మీటరు కీచుమంది, పైన విజిల్ మోగింది. ఒకర్నొకరు తోసుకుంటూ బయటపడ్డాం.

నేను నేరుగా బోర్డు దగ్గరికే పరుగెత్తాను. అప్పటికే సేఫ్టీ ఆఫీసరు దానికి అడ్డంగా నిలబడి, నంబరు పిలిచి ట్యాగు చేతికిస్తున్నాడు. పదకొండుమందికి పదకొండు ఇచ్చాడు. ఒకటి మిగిలింది.

"ఫార్టీ వన్! వేర్ ఈజ్ ఫార్టీ వన్?"

నాకు తెలుసు. ఫార్టీ వన్ మా గదిలో దుప్పటి కప్పుకుని మూలుగుతున్నాడు. ఆ మాట అంటే వాడు ఇంటికి, వాడి వెనకే నేనూ. ఒక్క నిమిషం ఆగితే ఏదో దారి దొరక్కపోతుందా అనుకున్నాను. ఏం దారి దొరుకుతుంది, నా తలకాయ!

అన్న ముఖంలో నెత్తురు లేదు. "నేనే చూడలా... నా తప్పు," అంటున్నాడు. సేఫ్టీ ఆఫీసరు ఆక్సిజన్ సిలిండర్ల కోసం మనిషిని తరిమాడు. "వెయిట్ లా, అంకుల్, వెయిట్!" అని అరుస్తూనే ఉన్నాడు. అన్న ఆగలేదు. జేబురుమాలు ముక్కుకి కట్టుకుని మ్యాన్‌హోల్లోకి జారిపోయాడు.

అప్పటికీ నేను నోరు తెరవలేదు.

లోపలినుంచి ఆయన గొంతు వినిపించింది. "తంబీ! ఎక్కడున్నావు తంబీ?" ట్యాంకంతా మారుమోగింది. మళ్ళీ పిలిచాడు. మూడోసారి సగంలో ఆగిపోయింది. అప్పుడరిచాను. "నో మ్యాన్! నో మ్యాన్ ఇన్‌సైడ్! లోపలెవడూ లేడు!"

సిలిండర్లు తగిలించుకున్న ఇద్దరు దిగి అన్నని పైకి తెచ్చారు. పెదవులు నల్లగా అయిపోయాయి. ఛాతీ మాత్రం ఆడుతోంది.

మూడోరోజు మావాణ్ణి విమానం ఎక్కించారు. జ్వరం ఇంకా దిగలేదు. "సెప్పీసి మంచి పనే సేసావురా. నేకపోతే ఆ ముసిలోడు పోయీవోడుగా," అన్నాడు లారీ ఎక్కుతూ. తిట్టినా బాగుండేది. నన్ను మాత్రం ఉంచేశారు. కాంట్రాక్టు గడువు దగ్గరపడింది, రంగు పని తెలిసినవాళ్ళు దొరకలేదు. ఎంతసేపు ఆగి చెప్పావని ఎవరూ అడగలేదు.

అన్న అడిగాడు. ఆదివారం ఆసుపత్రికి వెళితే, ముక్కులో గొట్టంతో పడుకుని ఉన్నాడు. నన్ను చూసి కుర్చీ చూపించాడు.

"తంబీ, నేను దిగేముందే నీకు తెలుసు కదా. ఏన్ చెప్పలా?"

అన్నా, భయపడ్డాను, మా పర్మిట్ల ముందు నీ ప్రాణం నాకు గుర్తు రాలేదు అని చెప్పాలి.

"సేఫ్టీ ఆఫీసరు ఇంగ్లీషులో అడిగింది నాకు వెంటనే అర్థం కాలేదన్నా," అన్నాను. నేను ఇంటర్ చదివినవాణ్ణి.

ఆయన నా చేతిమీద చెయ్యి వేశాడు.

"భాష రాకుంటే కష్టం తంబీ. మా పాప ట్యూషన్ చెప్తుంది. నేను ఇంటికి పోయినాక వచ్చి నేర్చుకో."

వెళ్ళకపోతే అనుమానిస్తాడని వెళ్ళాను. ఆంగ్ మో కియోలో వాళ్ళ ఫ్లాట్. ఆ అమ్మాయి నన్ను భోజనాల బల్ల దగ్గర కూర్చోబెట్టి, కాగితం మీద పెద్ద అక్షరాలతో మాటలు రాసింది. "ఈజీ లా, అంకుల్. నా వెనకే చెప్పండి," అంది.

హెల్ప్. స్టాప్. డేంజర్.

సిగ్గుతో చచ్చిపోతూ, ఒక్కొక్కటే ఆమె వెనకే పలికాను. పక్కగదిలో మంచం మీంచి అన్న వింటున్నాడు.